విశాఖ–భీమిలి తీరంలో కొన్నాళ్ళ బసకి ఇల్లు ఎక్కడ అద్దెకి తీసుకుంటే బాగుంటుంది?

విశాఖ బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తుంటే సర్వీస్ అపార్ట్‌మెంట్లు, హోమ్‌స్టేలు, విల్లాలు వరసగా కనిపిస్తాయి. అందరి ప్రచారమూ ఒకటే: సీ వ్యూ. నాకైతే ఆ ఒక్క మాటకి అదనంగా డబ్బు పెట్టడం దండగనిపిస్తుంది. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. బాల్కనీలో టీ తాగుతూ నీళ్ళలోకి దిగే సూర్యుణ్ణి చూద్దామనుకుంటే ఆ ముచ్చట ఇక్కడ తీరదు.

ఇక్కడ చూడాల్సింది తెల్లవారుజామే. మే నెలాఖరులో ఐదున్నరలోపే, సంక్రాంతి రోజుల్లో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఆ వేళకి అందరినీ లేపి, కారెక్కించి, పార్కింగ్ వెతుక్కోవడం అయ్యే పని కాదు. చెప్పులేసుకుని నడిచి ఇసుకలోకి వెళ్ళగలిగితే చాలు, కిటికీలోంచి సముద్రం కనబడకపోయినా నష్టం లేదు. పైగా తూర్పువైపు పెద్ద అద్దాలున్న గదులు ఎండాకాలంలో ఎనిమిదింటికే పెనంలా కాలతాయి. వెనక సందులో ఇల్లయితే అద్దె తగ్గుతుంది, రోడ్డు మోతా తగ్గుతుంది.

సొంత కారు లేనివాళ్ళకి ఆర్కే బీచ్, పాండురంగాపురం వైపే సుఖం. టిఫిన్ సెంటర్లు దగ్గర, ఆటో ఏ వేళకైనా దొరుకుతుంది. మ్యూజియంలుగా మార్చిన కురుసుర జలాంతర్గామి, రోడ్డుకి అవతల టీయూ-142 నేవీ విమానం, రెండూ నడిచే వెళ్ళి చూడొచ్చు. తెల్లవారుజామున కొంత మేర రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు కాబట్టి పెద్దవాళ్ళు నిశ్చింతగా నడుస్తారు. కానీ శని, ఆదివారాల్లో రాత్రి పొద్దుపోయేదాకా గోలే. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదైతే ఆ వారమంతా ట్రాఫిక్ మళ్ళింపులుంటాయి. అవి చూడ్డానికే వచ్చేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఆ రోజులు తప్పించుకోవడం మేలు.

అమ్మానాన్నలు, పిల్లలు, అక్కావాళ్ళు, ఇంతమందిమి కాబట్టి మాకు వంటగది ఉన్న ఇల్లు కావాల్సి వచ్చింది. చివరికి సాగర్‌నగర్‌లో తీసుకున్నాం. మళ్ళీ వెళ్ళినా అక్కడే తీసుకుంటాను. మామూలు కాలనీ అది. కిరాణా కొట్టు, మందుల షాపు, పాల ప్యాకెట్లు అన్నీ అందుబాటులో ఉంటాయి. బీచ్ రోడ్డు దాటితే సముద్రం. అటు కైలాసగిరి, ఇటు రుషికొండ, రెండూ దగ్గరే. నాన్న రోజూ మా కంటే ముందే లేచి ఒడ్డుకి వెళ్ళిపోయేవారు, ఆయన వెంట ఎవరో ఒకరు వెళ్ళాలన్న టెన్షన్ కూడా లేకపోయింది.

శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకి 2020లో వచ్చింది. శుభ్రంగా ఉండే బీచ్, పడవ షికార్లు, పిల్లలకి కాలక్షేపం. అయితే సెలవు రోజుల్లో జనం విరగబడతారు. ఈ తీరమంతా నీళ్ళు మనిషిని లోపలికి లాగేయడం ఎక్కువ, లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే బయటికి వచ్చేయాలి. ఈత వచ్చు కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

రుషికొండ దాటాక తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు. నా మటుకు ఈ రోడ్డులో అసలైన అందం ఇక్కడే. తొట్లకొండ మీది బౌద్ధ ఆరామం శిథిలాల దగ్గర నిలబడితే తీరం చాలా దూరం కనిపిస్తుంది. మంగమారిపేటలో ఆటు సమయానికి వెళ్తే సహజంగా ఏర్పడిన రాతి తోరణం దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. ఇంత అందమైన చోట విల్లా తీసుకుంటే ఇబ్బంది చీకటి పడ్డాక మొదలవుతుంది. తినడానికేమన్నా కావాలంటే కారు తీయాల్సిందే, డెలివరీ వాళ్ళు వస్తారో రారో నమ్మకం లేదు. సాగర్‌నగర్‌కి మారకముందు అటువైపే ఒక విల్లాలో దిగాం. ఫొటోలో కనిపించిన సముద్రం డాబా మీద నుంచి మాత్రమే కనబడుతుంది, డాబాకి తాళం. తాళం తీయమంటే పార్టీ ఛార్జీ అడిగారు. 'ప్రైవేట్ బీచ్' అని కూడా రాసుకున్నారు. మేం వెళ్ళేసరికి ఆ ఇసుకలో జాలర్లు వలలు బాగుచేసుకుంటున్నారు!

భీమిలి సంగతి వేరే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఏ హడావిడీ లేకుండా కొన్నాళ్ళుండి, చేపలు కొని వండుకు తిందామనుకునే వాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా 900కె బస్సు తిరుగుతుంది. రాత్రిపూట మాత్రం సొంత బండి లేకపోతే కష్టం. వందేభారత్‌లో అర్ధరాత్రికి దగ్గరలో విశాఖలో దిగేవాళ్ళు ఆ రాత్రికి స్టేషన్ దగ్గరే పడుకుని పొద్దున వెళ్ళడం నయం.

ఎక్కడ తీసుకున్నా అడ్వాన్స్ వేసే ముందు ఓనరుతో ఫోన్లో మాట్లాడండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, తాగే నీళ్ళ టిన్నులు ఎవరు తెప్పిస్తారు, జనరేటర్ ఏసీలకి కూడానా లేక ఫ్యాన్లు, లైట్లకేనా, గ్యాస్ బండ నిండుగా ఉందా అని అడగండి. చేపలు వండనిస్తారా అన్నది మరీ ముఖ్యం, వంటిల్లు ఇచ్చి నీచు వద్దనేవాళ్ళూ ఉన్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లారేసరికి దిగిపోతాం, చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండు దాకా తాళం ఇవ్వరు. సామాను పెట్టుకోనిచ్చి, స్నానానికి ఒక గది ఇస్తారేమో ముందే కనుక్కోండి.

యారాడ గురించి కూడా చాలామంది అడుగుతారు. డాల్ఫిన్స్ నోస్ కొండకి ఆవల కొబ్బరి తోటలతో చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఊళ్ళోకి ఏ పని మీద రావాలన్నా కొండ దిగి సింధియా వైపు ట్రాఫిక్‌లో పడాలి. పగలు వెళ్ళి వచ్చేయండి, బస మాత్రం ఇటువైపే పెట్టుకోండి.