పడమటి గోడకు, డాబాకు చేయించిన రక్షణ పూత: సమీక్ష

విజయవాడ భవానీపురంలోని మా ఇంటి బయటి గోడలకు చెమ్మ నివారణ పనిని, డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పూతను గత వేసవికి ముందు ఒక స్థానిక సంస్థ చేత చేయించాము. రంగు డబ్బా తెరవకముందే వారు పడమటి గోడను అంగుళం అంగుళం తట్టి చూసి, బోలుగా మోగిన చోట్ల పాత ప్లాస్టరింగ్‌ను చెక్కించి, పగుళ్లు పూడ్చి, గోడ పూర్తిగా ఆరేవరకు ఆగడం నాకు ఎంతో నచ్చింది. తడి గోడ మీద వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా పొక్కులు లేచి ఊడిపోతుంది.

చలి దేశాలలో ఇంటిలోని ఆవిరి గోడలోకి చొరబడకుండా లోపలి వైపున నిరోధక పొరను అమరుస్తారు; ఉక్కపోత ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో, ఏసీ నడిచే గదులకు ఆవిరి బయటి నుండే లోపలికి వస్తుంది కనుక, లోపలి గోడలకు, ఆవిరిని దాటనివ్వక చెమ్మను గోడలోనే నిలిపే వినైల్ (ప్లాస్టిక్ పొర) వాల్‌పేపర్ అంటించవద్దని వారిచ్చిన సలహా సరైనది. సన్‌షేడ్ల అడుగున, అంచుకు దగ్గరగా, వాన నీరు గోడ వైపు పాకకుండా సన్నని గాడి తీశారు. కిటికీల చుట్టూ మరకలు ఆగినది దానివల్లనే. డాబా కింది గదిలో రాత్రి వేడి కూడా స్పష్టంగా తగ్గింది.

పిట్టగోడ పైభాగానికి డాబా వైపు వాలు ఇవ్వకుండా వదిలేయడం మాత్రం లోపమే. అడిగిన తరువాత గానీ సరిచేయలేదు. తెల్లపూత మీద దుమ్ము పేరుకుంటే ఎండను తిప్పికొట్టే గుణం తగ్గుతుంది కనుక, ఏటా ఎండలు ముదరకముందే దానిని కడిగించుకోవాలి.