సోఫా క్లీనింగ్ వ్యాపారానికి ఇన్సూరెన్స్: రెండు కంపెనీలతో నా అనుభవం

భీమవరంలో సోఫాలు, పరుపులు, డైనింగ్ కుర్చీలు ఇంటికెళ్లి కడిగే పని నాది. మా ఆయనది కుషన్ వర్క్స్ షాపు. ఇద్దరు కుర్రాళ్లు, నీళ్లు కొట్టి లాగేసే మెషీన్లు రెండు, ఒక పాత వ్యాను. ఈ నాలుగేళ్లలో రెండు కంపెనీల పాలసీలు తీసుకున్నాను. మొదటిది ఎవరినీ తీసుకోమనను. రెండోది తీసుకోమనే చెబుతాను. తేడా అంతా రెండోదాంట్లో రాయించుకున్న ఒక్క పేరా.

2022లో మా ఆయనకి బాబాయి వరసైన ఏజెంటు ఒకాయన "లయబిలిటీ పాలసీ తీసుకోమ్మా, పనిలో ఏం జరిగినా వాళ్లే చూసుకుంటారు" అన్నారు. మన వల్ల వేరేవాళ్లకి నష్టం జరిగితే ఆ డబ్బు ఇచ్చే పాలసీ అది. కట్టేశాను. కాగితాలు బీరువాలో పెట్టి మళ్లీ తీయలేదు.

2024 జనవరి, సంక్రాంతికి ఐదు రోజుల ముందు. మాకు అసలు సీజన్ అదే. కూతుళ్లూ అల్లుళ్లూ దిగేలోపు ఇళ్లన్నీ తయారవ్వాలి, రోజుకి నాలుగిళ్లు తిరుగుతాం. పాలకొల్లులో ఒకరింట్లో మెరూన్ వెల్వెట్ సోఫా. వెనకవైపు కనపడని చోట తెల్లగుడ్డ తడిపి రుద్ది చూశాను, రంగు దిగలేదు. కానీ చేతులు ఆనించే చోట ఏళ్ల తరబడి నూనె, చెమట పట్టి ఉన్నాయి. అక్కడ షాంపూ పడగానే రంగు కదిలింది. అంచున ఉన్న క్రీమ్ కలర్ పైపింగులోకి ఎర్రగా పాకిపోయింది. ఫ్యాను పెట్టి ఆరబెడితే నూగంతా ఒక పక్కకి పడిపోయింది, బ్రష్‌తో ఎంత దువ్వినా లేవలేదు. ఇంటావిడ కేకలేమీ వెయ్యలేదు. "అమ్మాయ్, భోగినాటికి అల్లుడొస్తాడు, ఎక్కడ కూర్చోబెట్టను?" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ రోజే క్లెయిమ్ పెట్టాను. రెండు వారాలకి జవాబొచ్చింది. మీరు పని చేస్తున్న వస్తువుకి, మీ స్వాధీనంలో ఉన్న వస్తువుకి నష్టం జరిగితే ఈ పాలసీ కిందకి రాదని. మా పైపు కాలికి తగిలి ఇంటావిడ పడిపోతే వస్తుంది. మా మెషీన్ నీళ్లు కారి వాళ్ల టీవీ కాలిపోతే వస్తుంది. మేం కడుగుతున్న సోఫా పాడైతే రాదు. తర్వాత నలుగురిని అడిగితే తెలిసింది, లయబిలిటీ పాలసీల్లో ఇది మామూలుగా ఉండే మినహాయింపేనట. నా పాలసీలోనూ ఉంది, ఆరో పేజీలో. అమ్మేటప్పుడు ఒక్కసారి వేలు పెట్టి చూపించాల్సింది. సోఫాలు కడిగేవాళ్లకి సోఫా పాడవడం కంటే పెద్ద భయం ఏముంటుంది చెప్పండి?

మా ఆయన మూడు రాత్రులు కూర్చుని కొత్త గుడ్డ తొడిగారు. గుడ్డకీ ఫోమ్‌కీ 14 వేలు చేతినుంచి పోయాయి, కూలి లెక్కేసుకోలేదు. భోగి ముందురోజు రాత్రి పది దాటాక సోఫా పాలకొల్లు చేరింది.

ఆ ఏప్రిల్లో కంపెనీ మార్చాను. ఈసారి ఏజెంటమ్మాయి షాపుకి వచ్చి, మేం వాడే షాంపూ డబ్బాలు కూడా చూసి రాసుకుంది. కస్టమర్ సామాను మన చేతిలో ఉండగా పాడైతే ఇచ్చేలా అదనంగా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి కలిపే అదనపు పేరా, వేయించింది. ఒక్కో సంఘటనకి లక్ష దాకా ఇస్తారు, మొదటి ఐదు వేలు మనమే భరించాలి. దీనికి ప్రీమియం పెరిగింది, పైన 18 శాతం జీఎస్టీ. అయినా కట్టాను. అయితే మరక పూర్తిగా పోలేదనో, వాసన మిగిలిందనో కస్టమరు డబ్బు వెనక్కడిగితే ఇది పనికిరాదు. వస్తువు పాడవ్వాల్సిందే.

షాపుకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష తీసుకున్నాం. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన పాలసీ ఇది. ఒకచోట ఉన్న ఆస్తుల విలువ 5 కోట్లు మించని చిన్న వ్యాపారాలకి ఇస్తారు. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద కూడా అందులోనే ఉంటాయి. డెల్టాలో బతికేవాళ్లకి అది చాలా ముఖ్యం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటినప్పుడు మా షాపు రేకులు రెండు లేచిపోయాయి. తెల్లారి వెళ్లి చూస్తే ఒక మెషీన్ మోటారులో నీళ్లు. గుడ్డ మార్చడానికి వచ్చిన కస్టమర్ సోఫా ఒకటి అడుగునుంచి నానిపోయి, ఫోమ్ నొక్కితే నీళ్లు కారుతున్నాయి. ఈ పాలసీలో కూడా వేరేవాళ్ల సామాను ప్రత్యేకంగా రాయిస్తేనే కవర్ అవుతుంది. ఆ అమ్మాయి ముందే రాయించింది కాబట్టి గట్టెక్కాం. నష్టం లెక్కగట్టే సర్వేయరు నాలుగో రోజున వచ్చారు, మర్యాదగా మాట్లాడారు, అన్నీ ఫొటోలు తీసుకున్నారు. 52 వేలు అడిగితే 41 వేలు వచ్చాయి. పాత మెషీన్ బిల్లు నా దగ్గర లేకపోవడం వల్ల కోత పడింది. బిల్లులు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

రెండో కంపెనీ మీద నాకున్న అసంతృప్తి వ్యాను విషయంలో. షాపు పాలసీ అందులో రాసిన అడ్రసులో ఉన్న సామానుకే వర్తిస్తుంది. మోటారు పాలసీ బండికే. రోజంతా రోడ్డు మీదుండే మెషీన్లకి వేరే కవర్ కావాలి, ఆ మాట నేను అడిగేదాకా ఎవరూ చెప్పలేదు. కుర్రాళ్లకి పనిలో దెబ్బ తగిలితే పరిహారమిచ్చే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ కూడా ఉంది. ఇంతవరకూ వాడాల్సిన అవసరం రాలేదు, రాకూడదనే కోరుకుంటున్నాను.

క్లెయిమ్ కొట్టేస్తే ఊరుకోవద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, రాయొచ్చు. మన ఆంధ్రా కూడా వాళ్ల పరిధిలోదే, ఫీజు ఉండదు, సొంత పేరు మీద చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లూ వెళ్లొచ్చు. 2024లో ఇది నాకు తెలియదు.

ఏప్రిల్లో మళ్లీ రెన్యువల్. ఇప్పుడు ఇళ్లల్లో రెండు లక్షల సోఫాలు కనపడుతున్నాయి, అందుకని కస్టమర్ సామాను పరిమితి లక్షనుంచి రెండు లక్షలు చెయ్యమని అడిగాను. రేటు ఇంకా చెప్పలేదు. అది వచ్చేదాకా కొత్త వెల్వెట్ సోఫా పని ఏదీ ఒప్పుకోవట్లేదు.