పిల్లల హోమ్‌కి 250 లీటర్ల ఆర్‌ఓ ప్లాంట్: కొనొచ్చు, రోజూ చూసుకునే మనిషి ఉంటే

కనిగిరి, పొదిలి, దర్శి వైపు, అటు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును) డాక్టర్లు మొదటిసారి గుర్తించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఇలాంటి ఊళ్లో చర్చి ఆవరణలో నడిచే పిల్లల హోమ్ అంటే యాభై మంది పిల్లలు, ఐదారుగురు సిబ్బంది, ఆదివారం ఆరాధనకు వచ్చే సంఘం, వీళ్లందరికీ ఒకటే బోరు. వీటికి ఎక్కువగా అమ్ముతున్నది గంటకు 250 లీటర్లు ఇచ్చే ఆర్‌ఓ ప్లాంట్. కంపెనీ పేరు చూసి మోజుపడక్కర్లేదు. ఏ టౌన్లో కొన్నా పంపు ఒకరిది, మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) ఇంకొకరిది, డ్రమ్ములు మరొకరివి తెచ్చి స్టీలు ఫ్రేముకి బిగించి ఇస్తారు. బిగింపుతో కలిపి లక్షకు అటూ ఇటూ అవుతుంది.

సైజు విషయంలో ఇది సరైన ఎంపిక. తాగడానికి మనిషికి రెండు లీటర్లు, వంటకు మూడు లీటర్లు అనుకుంటే 55 మందికి రోజుకి 275 లీటర్లు. గంటా పావు నడిస్తే చాలు. వంటకు మామూలు బోరు నీళ్లే వాడేసి తాగడానికి మాత్రం ఆర్‌ఓ పెట్టే హోమ్‌లు చాలా ఉన్నాయి, అది పెద్ద పొరపాటు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అన్నం, పప్పు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి. కాబట్టి వంటగదిలోకి ఆర్‌ఓ పైపు తప్పకుండా వేయించుకోండి. గంటకు 100 లీటర్ల ప్లాంట్ చవకే కానీ మూడు గంటలు నడపాలి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెలో ఆదివారం ప్రేమవిందు నాటికి చేతులెత్తేస్తుంది. 500 లీటర్లది యాభై మందికి అనవసరం. మిషన్ భగీరథ నీళ్లు సక్రమంగా వచ్చే ఊళ్లో అయితే అసలు ఏ ఆర్‌ఓ కూడా కొనకండి. మంచి నీళ్లను సగం పారబోయడమే అవుతుంది.

కొనేముందు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో బోరు నీళ్ల పరీక్ష చేయించండి. బీఐఎస్ ప్రమాణం ప్రకారం లీటరుకి ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ప్లాంట్ బిగించాక వచ్చిన నీళ్లు కూడా అక్కడే పరీక్షించాలి. అమ్మేవాళ్లు పెన్ను లాంటి టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి 80 చూపించి వెళ్లిపోతారు. ఆ మీటరు మొత్తం లవణాలు చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. రుచి కోసం కొంత బోరు నీళ్లు కలిపే వాల్వు కూడా పెడతారు. బోరులో ఫ్లోరైడ్ 3 ఉండి, ఆర్‌ఓ నీళ్లలో 0.2 ఉంటే, ఐదో వంతు కలిపితే దాదాపు 0.76 అవుతుంది, ఫర్వాలేదు. మూడో వంతు కలిపితే 1 దాటిపోతుంది. రుచి బాగాలేదని వంటావిడ ఆ వాల్వు ఇంకాస్త తిప్పితే డబ్బు పోసి కొన్న ప్లాంట్ దండగ. ల్యాబ్ రిపోర్టు చూసి ఒక చోట ఆపి, హ్యాండిల్ ఊడదీసి దాచేయండి.

ఇక రోజువారీ పని. ఇసుక డ్రమ్ము, కార్బన్ డ్రమ్ము, రెండింటికీ పైన తిప్పే వాల్వు ఉంటుంది. పొద్దున ప్లాంట్ ఆన్ చేసే ముందు ఒక్కోదానికి ఐదేసి నిమిషాలు బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి పారించి కడగడం), తర్వాత రెండు నిమిషాలు రిన్స్. ముందు ఇసుక, తర్వాత కార్బన్. పంపు నడుస్తుండగా ఆ వాల్వు తిప్పకూడదు, లోపలి గాస్కెట్ చిరిగి మురికి నీళ్లు నేరుగా లోపలికి వెళ్తాయి. తర్వాత ఉండేది 5 మైక్రాన్ కార్ట్‌రిడ్జ్. కొత్తది పత్తిలా తెల్లగా ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో టీ డికాషన్ రంగుకి వస్తుంది, అప్పుడు మార్చేయడమే. కడిగి మళ్లీ వేస్తే మురికి లోపలే ఉంటుంది, పంపుకి నీళ్లు అందవు. దాని ముందు మీటరుకీ వెనక మీటరుకీ ప్రెషర్ తేడా ఒక కేజీ దాటినా మార్చాల్సిందే.

అందరూ మర్చిపోయేది యాంటీస్కేలెంట్, అంటే మెంబ్రేన్ మీద సున్నం కట్టకుండా వేసే మందు. గంటకు లోపలికి వెళ్లే బోరు నీళ్లు 500 లీటర్లు, లీటరుకి 4 మిల్లీగ్రాముల లెక్కన గంటకు 2 గ్రాములు పడాలి. రోజుకి గంటా పావు నడిపితే నెలకు 75 గ్రాములు. కిలో డబ్బా ఏడాది దాటుతుంది. ఖర్చు లేదు, కానీ డోసింగ్ పంపులో గాలి చేరితే చుక్క కూడా పడదు, ఎవరికీ తెలియదు. తెల్లటి డోసింగ్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో నీటి మట్టం దగ్గర గీత గీసి తేదీ వేయండి. వారం తర్వాత మట్టం గీత కిందికి దిగలేదంటే మందు పడటం లేదన్నమాట. మెంబ్రేన్ల మీద సున్నం గడ్డకట్టడానికి ఎక్కువగా ఇదే కారణం. రెండో కారణం రిజెక్ట్ వాల్వు, అంటే ప్లాంట్ వడకట్టి బయటికి వదిలేసే ఉప్పు నీళ్ల వాల్వు. నీళ్లు వృథా అవుతున్నాయని దాన్ని బిగిస్తారు. మంచి నీళ్లు కాసేపు ఎక్కువ వస్తాయి, కొద్ది నెలల్లో పదిహేను వేల మెంబ్రేన్ చస్తుంది. మంచి నీళ్లు, రిజెక్ట్ నీళ్లు ఎంత పారుతున్నాయో చూపే రెండు రోటామీటర్లూ దాదాపు సమానంగా ఉండాలి. డిసెంబరు చలిలో నీళ్లు కొంచెం తగ్గడం మామూలే, కంగారు పడొద్దు.

పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ కలిపిన రోజు ఆ నీళ్లు ప్లాంట్‌లోకి వదలకండి. కార్బన్ పాతదైతే క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, మళ్లీ బాగుపడదు.

రిజెక్ట్ నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు ఉంటుంది. గేదెలకి, ఆకుకూరల మడికి అస్సలు వద్దు. మరుగుదొడ్లకి, వరండాలు కడగడానికి వేరే ట్యాంకు పెట్టండి. ఏడుగురికొకటి చొప్పున ఉండాల్సిన మరుగుదొడ్లు యాభై మందికి ఎనిమిది, రోజూ వచ్చే రిజెక్ట్ మొత్తం వాటికే అయిపోతుంది.

మంచి నీళ్ల ట్యాంకు స్టీలుది, మూతకి తాళం ఉన్నది తీసుకోండి. క్రిములను చంపే యూవీ లైటు పైపులో పారే నీళ్లకే పనిచేస్తుంది, ట్యాంకులో పడ్డాక కాపలా లేదు. వారానికోసారి కడిగి, నెలకోసారి హెచ్‌2ఎస్ సీసాలో (బ్యాక్టీరియా పరీక్ష సీసాలో) నీళ్లు పట్టి పెట్టండి. రెండు రోజుల్లో నల్లబడితే ట్యాంకు, పైపులు మళ్లీ శుభ్రం చేయాలి. పిల్లల హోమ్‌లకు వర్తించే 2016 జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్ వంటగది, నిద్రగదులు వంటి పలు చోట్ల శుద్ధి నీరు అందాలంటాయి. షెడ్డులో ఒక్క కొళాయి పెడితే తనిఖీలో మాట పడటం అటుంచి, రాత్రి దాహమేసిన చిన్నపిల్ల చీకట్లో షెడ్డుకి వెళ్లదు, బాత్రూము కొళాయి తాగుతుంది. నిద్రగది గుమ్మం దగ్గర, ఆరేళ్ల పిల్ల చేతికి అందే ఎత్తులో ఒక కొళాయి తప్పనిసరి.

ఖర్చు లెక్కకి వస్తే, కరెంటు, కార్ట్‌రిడ్జ్, మందు, రెండేళ్లకో మెంబ్రేన్ కలిపి నెలకి పదిహేను వందల దాకా. అదే 275 లీటర్లకి రోజూ 14 క్యాన్లు, పది రూపాయల చొప్పున నెలకి 4,200. ప్లాంట్‌ది స్పష్టంగా తక్కువ. చిక్కేమిటంటే, ప్లాంట్ కొనిచ్చి నాన్నగారి జ్ఞాపకార్థం రాయి పెట్టే దాత దొరుకుతారు, కార్ట్‌రిడ్జ్‌కి దొరకరు. సెమీ క్రిస్మస్‌కి దుప్పట్లు, బిస్కెట్లు గుట్టగా వస్తాయి, మార్చిలో స్టోర్ రూము ఖాళీ. ఏం కావాలని పాస్టర్ గారిని అడిగినవాళ్లకి "ఏడాది కార్ట్‌రిడ్జ్‌లు, మెంబ్రేన్ నిధికి నెలకి 625" అని సూటిగా చెప్పాలి. విదేశీ విరాళంతో కొంటే చెల్లింపు ఎఫ్‌సీ ఖాతా (విదేశీ విరాళాల బ్యాంకు ఖాతా) నుంచే జరగాలి, బిల్లు భద్రంగా ఉండాలి.

కొత్తగా చేరిన పిల్లల ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలుంటే అవి మురికి కాదు, పన్ను తయారయ్యేటప్పుడే పడ్డ మచ్చ. ప్లాంట్ నీళ్లతో పోవు. బొగ్గుతో, ఇటుక పొడితో తోమించకండి, పన్ను అరిగిపోతుంది. ఇంకా శాశ్వత దంతాలు రాని చిన్నపిల్లలకు మాత్రం ఈ నీళ్లు నిజంగా మేలు చేస్తాయి.

వేసవి సెలవుల్లో చాలామంది పిల్లలు అనుమతితో బంధువుల ఇళ్లకి వెళ్తారు. హోమ్ ఖాళీగా ఉందని ప్లాంట్ నెలన్నర ఆపేస్తే మెంబ్రేన్‌లో పాచి పట్టి, జూన్‌లో నీళ్లు వాసన కొడతాయి. రోజు మార్చి రోజు అరగంట నడపమని స్విచ్‌బోర్డు మీదే రాసి అంటించండి. వాచ్‌మన్‌కి బ్యాక్‌వాష్ ఏప్రిల్‌లోనే నేర్పండి.