సీటు కింద గీతలు

నాన్నగారు రాజమండ్రిలో నలభై ఏళ్లు టేకు కుర్చీలు చేయించి అమ్మారు. లండన్ వచ్చినా ఆయనకి బ్రిడ్జీ అక్కర్లేదు, రాణిగారి కోటా అక్కర్లేదు. "ఆ చిప్పెండేల్ కుర్చీ ఒకటి చూపించమ్మా, చాలు" అన్నారు. చిప్పెండేల్ అంటే పద్దెనిమిదో శతాబ్దంలో కుర్చీలు, బల్లలు చేసి పేరుమోసిన ఇంగ్లండ్ వడ్రంగి. ఆ పుణ్యాన, ఆయన సామాను ఉన్న పెద్ద ఇళ్లకి దగ్గరని, రెండు రాత్రులు ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో దిగాం.

హోటల్ స్టేషన్ పక్కనే. గది శుభ్రం, లిఫ్టు పాడు. మోకాళ్ల నొప్పులు, కింద గది ఇవ్వండని అడిగితే "రేపు చూద్దాం" అన్నారు. ఆ రేపు రాలేదు.

మొదటి రోజు హేర్‌వుడ్ హౌస్. 36 నంబరు బస్సు గేటు దగ్గర దింపుతుంది, అక్కణ్ణించి బాగానే నడవాలి. చిప్పెండేల్‌కి దొరికిన అతి పెద్ద పని ఈ ఇల్లే. బంగారు పూతలు, నిలువుటద్దాలు, కళ్లు జిగేలుమంటాయి. కట్టించిన డబ్బు కరీబియన్‌లో బానిసలు పండించిన చెరకుది. ఆ కుర్చీల కలప మహాగనీ కూడా ఆ వైపు నుంచే, 1721లో వలసరాజ్యాల కలప మీద సుంకం ఎత్తేశాక ఓడల్లో దిగింది. కుర్చీలు మాత్రం తాడు అవతల. "పెళ్లిచూపుల్లా ఉందే, దూరం నుంచే చూడాలా?" అని నాన్నగారి సణుగుడు.

నన్నడిగితే రెండో రోజు చూసిన నాస్టెల్ అనే ఇంకో పాత బంగళాకే వెళ్లమంటాను. చిప్పెండేల్ సామాను వందకు పైనే ఉంది. ఎవరూ కూర్చోకుండా కుర్చీలో ఎండిన పైన్ కాయ పెట్టారు, అంతే. గైడు పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది: 1767లో లైబ్రరీ బల్లకి 72 పౌండ్ల 10 షిల్లింగులు బిల్లు వేసిన మనిషే, వంటింటికి మాంసం కొట్టే మొద్దు కూడా పంపాడట. యజమాని రోలండ్ విన్ డబ్బివ్వడానికి నాన్చేవాడట, ఈయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడట. తెలుగులో చెప్పగానే నాన్నగారి మొహం వెలిగింది. "మన ప్రెసిడెంటు గారి సోఫా సెట్టు బాకీ గుర్తుందా?"

సాయంత్రం ఒక పాత సామాన్ల షాపు. ఆరు డైనింగ్ కుర్చీలు, చీటీ మీద "చిప్పెండేల్ స్టైల్". షాపాయన తిప్పి చూసుకోమన్నాడు. నాన్నగారు నేల మీదే చతికిలబడ్డారు. అడుగు చెక్క మీద రంపం గీతలు వంపు తిరిగి ఉన్నాయి. "గుండ్రటి రంపం, మిల్లులో కోసింది. ఆయన కాలంది కాదు." ఫ్రేము మీద ఉలితో నాలుగు గీతలు, ఊడదీసిన సీటుకి రెండే. పక్క కుర్చీ సీటు తీస్తే దానికి నాలుగు.

మార్చి పెట్టారు. రెండూ టక్కున కూర్చున్నాయి. షాపాయన మాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.