పక్కింటి చెట్టు గోడ దాటితే: ఎదురుగా చెప్పడం మేలా, మెసేజ్ మేలా, మనమే కొట్టేయడం మేలా?

పక్కింటివాళ్ళతో అసలే పడకపోతే ఈ విషయం సులువు. ఎలాగూ మాటల్లేవు కాబట్టి మొహమాటమూ ఉండదు. చిక్కంతా మంచివాళ్ళతోనే. ఊరెళ్తూ మన ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళేంత చనువున్న మనిషితో "మీ చెట్టు మాకు ఇబ్బందిగా ఉందండీ" అనాలంటే నోరు రాదు. అలా రెండేళ్ళు గడుస్తాయి. ఈలోగా వేలంత ఉన్న కొమ్మ చేయంత అవుతుంది.

చెప్పకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, ఎక్కువమంది పట్టేది కూడా అదే. కానీ ఊరుకున్నవాళ్ళు నిజంగా ఊరుకోరు. రోజూ ఆకులు ఊడుస్తూ లోపల లెక్క రాసుకుంటుంటారు. ఏదో ఒకరోజు బండి అడ్డం పెట్టారనో, మోటారు చప్పుడనో మాట వస్తుంది. రెండేళ్ళ ఆకులూ ఆ ఒక్క మాటలో బయటపడతాయి. అవతలి మనిషికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో కూడా అర్థం కాదు.

ఇక రెండో దారి: గోడ దాటింది మనదే కదా అని మనిషిని పిలిచి కొట్టించేయడం. చట్టం కొన్నిచోట్ల దీన్ని ఒప్పుకుంటుంది. అవతలి స్థలంలో అడుగు పెట్టకుండా, మన వైపు దాటి వచ్చిన కొమ్మలను సరిహద్దు వరకు నోటీసు ఇవ్వకుండానే కొట్టుకోవచ్చని ఇంగ్లండ్ కోర్టులు 1890ల్లోనే తేల్చాయి. అయితే కొట్టిన కొమ్మ మాత్రం చెట్టు యజమానిదే. జర్మనీ సివిల్ కోడ్ 910వ సెక్షన్ ప్రకారం ముందుగా చెప్పి, తగినంత గడువు ఇచ్చాకే కొమ్మ మీద చెయ్యి వేయాలి. సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావలసిన చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి మీ ఊరి నియమం తెలుసుకోకుండా కత్తి పట్టకండి.

చట్టం ఒప్పుకున్నా చెట్టు ఒప్పుకోదు. కొమ్మ కాండంలో కలిసే చోట కొంచెం ఉబ్బుగా, కాలర్ లాగా ఉంటుంది. ఆ ఉబ్బును తాకకుండా దాని పక్కనే కోస్తే గాయాన్ని చెట్టు తనే మూసుకుంటుంది. గోడ మీదుగా సూటిగా నరికేస్తే కొమ్మ సగంలో మోడు మిగులుతుంది. అది ఎండి కుళ్ళు పడుతుంది, లేదా ఆ చివర నుంచి గుబురుగా బలహీనమైన చిగుళ్ళు లేస్తాయి. కొన్నాళ్ళకు సమస్య ముందుకంటే ఒత్తుగా మళ్ళీ మన వైపే వస్తుంది. ఒక పక్కే ఖాళీ చేస్తే బరువంతా రెండో పక్కకు, అంటే వాళ్ళ ఇంటి వైపుకు మారుతుంది. అసలు కోయాల్సిన చోటు దాదాపు ఎప్పుడూ గోడకు అవతలే ఉంటుంది. వాళ్ళతో మాట్లాడకుండా ఈ పని సరిగ్గా చేయడం కుదరదు. నా మటుకు ఈ దారిని పక్కన పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

మిగిలింది మెసేజా, మాటా అన్నది. నేను మొదట మెసేజ్‌నే నమ్ముకున్నాను. "నమస్కారమండీ, మీ చెట్టు కొమ్మలు మా వైపు వస్తున్నాయి, దయచేసి చూడగలరు" అని మర్యాదగానే రాశాను. చదివినట్టు నీలి టిక్కులు పడ్డాయి. మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజులూ గేటు దగ్గర ఆయన ఎదురుపడతారేమోనని టెన్షన్. తర్వాత తెలిసింది, ఆయనకూ అదే టెన్షనట. నోటితో నవ్వుతూ అనే మాటే రాతలోకి వచ్చేసరికి నోటీసులా కనిపిస్తుంది.

ఎదురుగా చెప్పడంలో ఉన్న అసలు లాభం గొంతు మెత్తగా ఉండటం కాదు, చూపించగలగడం. తన చెట్టును మన వైపు నుంచి ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. వాళ్ళకు కనిపించేది నీడ, మనకు కనిపించేది ఆకులతో నిండిన డాబా గొట్టం. అందుకే గోడ దగ్గర నిలబడి ఫిర్యాదు చేయడం కంటే, "ఒకసారి మా డాబా మీదికి వచ్చి చూస్తారా అండీ?" అని పిలవడం మేలు. పైకి వచ్చాక ఆ కొమ్మే చాలావరకు చెప్పేస్తుంది. చెట్టు బాగా పెరిగిపోయిందని మొత్తంగా అనకండి. ఆ మాటకు "కొట్టేయమంటారా?" అని మనసు నొచ్చుకుంటుంది. "ఈ రెండు కొమ్మలు గాలికి ట్యాంకుకు కొట్టుకుంటున్నాయి" అని వేలు పెట్టి చూపిస్తే అడిగింది చిన్నదవుతుంది. "అందరూ అంటున్నారు" అన్న మాట మాత్రం పొరపాటున కూడా వద్దు.

గాలివాన వెలిసిన మర్నాడు, ఇద్దరూ చిరాకుగా ఉన్నప్పుడు ఈ సంగతి ఎత్తకండి. గూళ్ళలో పిల్లలున్నాయేమో చూసి, అవి ఎగిరిపోయాక పెట్టుకుంటే మంచిది. ఒక్క ఏడాదిలో పచ్చని కొమ్మల్లో పావు వంతుకు మించి తీయకపోతే చెట్టు తట్టుకుంటుంది, ఆ మాట ముందే చెబితే ఆయన భయమూ తగ్గుతుంది. ఖర్చు సంగతి మీరే ఎత్తండి. వెలుతురు కోసం మనం అడుగుతుంటే సగం మనం పెట్టుకోవడం న్యాయం. ఎండిన కొమ్మ మీద పడేలా ఉంటే మాత్రం ఆ బాధ్యత వాళ్ళదే.

మెసేజ్‌కూ చోటు ఉంది, మాట అయ్యాక. అనుకున్న తేదీ, చూపించిన కొమ్మల ఫొటో పంపితే ఇద్దరికీ గుర్తుంటుంది. కొమ్మ చీలి వేలాడుతుంటే ఆ రోజే చెప్పి, ఫొటోతో రాసి కూడా పెట్టండి. ప్రమాదం ఉందని ముందే తెలిసిందా లేదా అన్నది తర్వాత పెద్ద ప్రశ్న అవుతుంది. కరెంటు తీగలకు తగులుతుంటే ఈ పోలికలేవీ వద్దు. ఆయనకు చెప్పి, కరెంటు ఆఫీసుకు ఫోన్ చేయండి. ఆ కొమ్మను మీరూ ముట్టుకోవద్దు, ఆయననూ ముట్టుకోనివ్వొద్దు.

అసోసియేషన్‌కు రాయడం, పెద్దమనుషులను కూర్చోబెట్టడం చివరి దారి. రెండుసార్లు నేరుగా అడిగాక కూడా కదలిక లేకపోతేనే అటు వెళ్ళాలి. మొదటిసారి ఆయన "చూద్దాంలెండి" అంటారు, అది కాదనడం కాదు. "వచ్చే ఆదివారం మనిషిని పిలవనా? మీరు దగ్గరుండి చెబుదురు గాని" అనండి. ఎక్కడ కోయాలో ఆయన చెప్పాలి, కిందపడ్డది మనం ఎత్తించాలి.