నాలుగేళ్ళుగా వాడుతున్న ట్రైలర్ వంటిల్లు: పోపు ఎక్కడ వేయాలన్నదే అసలు లెక్క

కారు వెనక తగిలించుకుని, రాత్రుళ్ళు అందులోనే పడుకుంటూ తిరిగే మా ట్రైలరు 2021లో కొన్నప్పుడు ఉట్టి రేకు పెట్టె. సామాన్లు మోసే రకం. వెడల్పు 6 అడుగులు, పొడవు 12 అడుగులు, పక్కన ఒక తలుపు, వెనక రెండు రెక్కల తలుపు. డాలస్ శివార్లలోని మా ఇంటి పక్కన నిలబెట్టుకుని మంచం, కిటికీలు, పైకప్పు ఫ్యాను ఒక్కొక్కటిగా మా ఆయనా నేనూ బిగించుకున్నాం. వంటిల్లు మాత్రం రెండుసార్లు కట్టాల్సి వచ్చింది. మొదటిది ఒక్క వేసవే నిలిచింది. రెండోదానికి ఇది నాలుగో ఏడు. 70 రాత్రులకు పైగా దాని మీదే వండుకున్నాం. మొదటిది ఎందుకు పీకేశామో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది అదే కడతారు.

మొదటి వంటింట్లో, ట్రైలరు ముందు గోడకు ఆనించి 4 అడుగుల గట్టు, అందులో దిగేసిన రెండు బర్నర్ల పొయ్యి, పక్కన చిన్న సింకు, కింద ఫ్రిజ్. చూడటానికి ముచ్చటగా ఉండేది. కాఫీ కాచుకుని, గుడ్లు వేయించుకుని, సూపు వేడిచేసుకునే వాళ్ళకు అది చక్కగా సరిపోతుంది. మన వంట అలా కాదు.

కొలరాడో కొండల్లో వాన పడుతున్న ఒక రాత్రి చారు పెట్టాను. చలికి కిటికీలు సగమే తీశాం, ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోంది. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. ఆవాలు చిటపటలాడటం ఆగేలోపే నలుగురం దగ్గుతూ వానలోకి పరుగెత్తాం. నిద్రపోతున్న చిన్నవాడు కళ్ళు మండి ఏడుస్తూ లేచాడు. ఆ ఘాటు దుప్పట్లలో వారం ఉంది. తెల్లవారి చూస్తే గోడల లోహపు పట్టీల మీద నీటిబొట్లు వరసగా కారుతున్నాయి. పొయ్యిలో వాడే ప్రొపేన్ గ్యాసు ఒక కిలో మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అన్నం ఉడికిన ఆవిరి దీనికి అదనం. ఆ చిన్న గదిలో అదంతా ఎక్కడికి పోతుంది? వేసవి ముగిసేసరికి పరుపు కింది ప్లైవుడ్‌కు బూజు పట్టింది. గట్టు తీసేశాం.

రెండో వంటిల్లు ఒక పెద్ద సొరుగు. మంచం ఎత్తు పెంచి, దాని కిందినుంచి వెనక తలుపు గుండా బయటికి లాగేలా అమర్చాం. పొడవు 40 అంగుళాలు, వెడల్పు 24, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. బరువు మోసే పట్టాలు రెండు వైపులా ఉన్నాయి. పూర్తిగా లాగినప్పుడూ, పూర్తిగా నెట్టినప్పుడూ తాళం పడే రకమే కొనండి. డబ్బు ఆదా చేయకూడని చోటు ఇదొక్కటే అంటాను. కొంచెం వాలు నేల మీద ట్రైలరు ఆపినప్పుడు, మరుగుతున్న పప్పుతో సొరుగు లోపలికి జారకుండా ఆపేది ఆ తాళమే.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఎత్తు గురించి. వండేది నేల మీద నిలబడి, సొరుగు ఉండేది ట్రైలరు లోపల. మా ట్రైలరు అడుగు నేలకు 18 అంగుళాల పైన ఉంది. ఇంట్లో గట్టు ఎత్తు 36 కాబట్టి, లోపలినుంచి ఇంకో 18 అంగుళాలు చాలనుకుని గీతలు గీశాం. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. ఆవిడ ఎత్తు అయిదడుగులు. అట్టపెట్టెలు పేర్చి, మీద పొయ్యి పెట్టి, మూకుడు పెట్టి నిలబడమన్నాం. "అమ్మాయ్, గిన్నె అడుగు కనపడకపోతే పోపు మాడిందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది. పొయ్యి ఎత్తు నాలుగంగుళాలు, దాని మీద కుక్కరు మరో పది. గట్టు ఎత్తు కొలిచాం గానీ మూకుడు అంచు కొలవలేదు. అందుకని సొరుగులో పొయ్యి కూర్చునే చోటును గుంటలా కిందికి దించాం. ఇప్పుడు బర్నరు నేలనుంచి 33 అంగుళాల్లో ఉంటుంది, కూరలు తరిగే పలక 35లో. మీరు కట్టుకుంటే అట్టపెట్టెలతో ఒక పూట వండినట్టు నటించి చూడండి, ఆ తర్వాతే రంపం పట్టండి.

గాలి సంగతి. వెనక తలుపు రెక్కలు రెండూ గోడకు నిటారుగా నిలిచేలా కొక్కేలు బిగించాం. సొరుగుకు రెండు వైపులా అవే గోడలవుతాయి. వెనకనుంచి వీచే గాలికి మాత్రం మందు లేదు. ట్రైలరు ఆపేటప్పుడే ముఖం గాలికి ఎదురుగా ఉండేలా చూసుకుంటాం.

ఇక నేను నిజంగా భయపడిన సంగతి. సొరుగు, ఫ్రిజ్, 26 లీటర్ల నీళ్ళ డబ్బా, బ్యాటరీ, బియ్యం పప్పుల పెట్టె, అన్నీ చేతికి అందుతాయని వెనకే పెట్టాం. మొదటి ప్రయాణంలో గంటకు 60 మైళ్ళు దాటగానే ట్రైలరు తోక ఊపటం మొదలుపెట్టింది. కారు వెనకభాగాన్ని ఎవరో పట్టుకుని ఊపినట్టుంది. మా ఆయన బ్రేకు తొక్కకుండా మెల్లగా వేగం తగ్గించి పక్కకు ఆపారు. పిల్లలిద్దరూ వెనక సీట్లో ఉన్నారు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారుకు తగిలించే కొన మీద పడాలి. మా ట్రైలరు నిండా 2,600 పౌండ్లు, కొన మీద పడుతున్నది 180 మాత్రమే, అంటే 7 శాతం. నీళ్ళు, బ్యాటరీ, బియ్యం పెట్టె ఇరుసుకు ముందువైపుకు మార్చాక 290 అయింది. ఆ తర్వాత మళ్ళీ ఊగలేదు. వంటిల్లు వెనక పెట్టే ప్రతివాళ్ళూ ఈ తూకం చూసుకునే రోడ్డెక్కాలి. దయచేసి ఇది మాత్రం వాయిదా వేయకండి.

నీళ్ళు ముందుకు పోయాక, ఆగిన చోట వెనక్కి మోయాలి కదా. 26 కిలోల డబ్బా నా వల్ల కాలేదు. బదులు 15 లీటర్లవి రెండు తీసుకున్నాం. పైపును కాలితో తొక్కే పంపుకు కలిపాం. కరెంటు పంపు కంటే ఇదే మేలు, కాలు ఆగితే నీళ్ళు ఆగుతాయి. నలుగురికి రోజుకు 20 లీటర్లు సరిపోతున్నాయి, అన్నం గిన్నె ముందుగా కాగితంతో తుడిస్తే. సింకు స్టీలుదే కొనండి. ప్లాస్టిక్‌ది పసుపు పట్టి మొదటి నెలలోనే రంగు మారింది. వాడిన నీళ్ళు కింద పారబోయకూడదు కాబట్టి సింకు కింద మూత ఉన్న బకెట్ ఉంచాం.

ఫ్రిజ్ 45 లీటర్లది, 12 వోల్టుల మీద నడుస్తుంది. 100 యాంప్ అవర్ల లిథియం బ్యాటరీ, 200 వాట్ల సౌర పలక. రెండు రోజులు మబ్బు పట్టినా పెరుగు పాడవలేదు. ఇండక్షన్ పొయ్యి కూడా అనుకున్నాం గానీ, 1,500 వాట్లంటే ఆ బ్యాటరీనుంచి 125 యాంపులకు పైగా లాగాలి. అంత దాని వల్ల కాదు, గ్యాసే ఉంచుకున్నాం. 20 పౌండ్ల సిలిండరు బయట, కొన మీద ఉంటుంది. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగుతుంది. అందుకే దాన్ని పసిగట్టే అలారం మంచం కింద, నేలకు దగ్గరగా బిగించాం. కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే ఉంది. చేతిలో పట్టే చిన్న బ్యుటేన్ పొయ్యి మీద ఆశ పెట్టుకోకండి. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావటం మానేస్తుంది. కొండల్లో పొద్దున్నే కాఫీ ఉండదు.

కుక్కరు తప్పనిసరి. యెల్లోస్టోన్ జాతీయవనంలోని సరస్సు సముద్రమట్టానికి 7,700 అడుగుల పైన ఉంది. అక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకు పోలేదు. మూడు లీటర్ల కుక్కరులో నాలుగు విజిళ్ళకు మెత్తగా అయింది. అదే ఎత్తుకు వెళ్ళేసరికి డాలస్‌లో బిగించిన ఆవకాయ సీసాలోంచి నూనె పైకి తన్నుకొచ్చి అర అంతా పాకింది. ఇప్పుడు సీసా ముప్పాతికే నింపి, స్టీలు గిన్నెలో కూర్చోబెట్టి తీసుకెళ్తున్నాను. పోపుల పెట్టె కూడా ఇంట్లో వదిలేశాను. కంకర రోడ్డు మీద మూత ఊడి ఆవాలు, మెంతులు, జీలకర్ర ఒకటైపోయాయి. మర మూతల చిన్న సీసాలు, కింద రబ్బరు పట్టా, అంతే.

ఈ వంటింట్లో నాకు నచ్చనిది ఒకటుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట పొయ్యి, గిన్నెలు, కుక్కరు, ఏదీ బయట వదలకూడదు. యెల్లోస్టోన్‌లో అది నిబంధన. భోజనం కాగానే అన్నీ కడిగి, తుడిచి, సొరుగు లోపలికి నెట్టి తలుపు వేయాలి. పొయ్యి పూర్తిగా చల్లారితే గానీ నెట్టకూడదు, పైన పరుపు ఉంది. అందుకని ఆ ఇరవై నిమిషాలూ ఎవరో ఒకరం దాని పక్కనే నిలబడుతున్నాం. వచ్చే వేసవికి పొయ్యి గుంట చుట్టూ రేకు తొడిగి, పొయ్యిని విడిగా పైకి తీసే పిడి పెట్టబోతున్నాం. అట్టపెట్టెలు అప్పుడే పేర్చి ఉన్నాయి.