షోపాన్ విషాదం: నాలుగో ప్రెల్యూడా, ఆరోదా?

1849 అక్టోబర్ 30న పారిస్‌లోని మదలైన్ చర్చిలో పియానో స్వరకర్త షోపాన్ అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు ఆయన ప్రెల్యూడ్లలో (చిన్న పియానో రచనల్లో) రెండింటిని ఆర్గన్ మీద వాయించారు: ఇ-మైనర్ (E minor) అనే స్వరవరుసలో ఉన్న నాలుగోది, బి-మైనర్ (B minor)లో ఉన్న ఆరోది. మయోర్కా దీవిలో, 1838-39 చలికాలంలో, జబ్బుతో బాధపడుతూ ఆయన పూర్తి చేసిన 24 ప్రెల్యూడ్లలోవే ఇవి. ఒకటి 25 బార్లు (మన తాళంలో ఆవర్తనాల్లాంటి చిన్న భాగాలు), ఇంకొకటి 26. పియానో కొన్నాళ్లు నేర్చుకుని, మనసుకు తగిలేది ఏదైనా వాయించాలనుకునేవాళ్లు తరచూ ఈ రెండింటి దగ్గరే ఆగుతారు. ఏది ముందు?

నాలుగోది చూడగానే సులువనిపిస్తుంది. మొదటి మూడు బార్లలో కుడిచేతికి పనేమీ లేదు, బి, సి అనే పక్కపక్క స్వరాలే. కథంతా ఎడమచేతిలో ఉంది. అక్కడ కార్డ్స్ (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఆగకుండా మోగుతూనే ఒక్కో వేలు అర స్వరం చొప్పున కిందికి జారుతుంది. మన సంగీతంలో తంబుర శ్రుతి కదలదు, దాని మీద రాగం నడుస్తుంది. ఇక్కడ పాట నిలబడి ఉంటే కింద నేల కుంగిపోతోంది. గమకాలకు అలవాటుపడిన చెవికి ఇది మొదట వెలితిగా తోచవచ్చు, నాకూ అలాగే తోచింది. ఎడమచేతిని ఒక్కదాన్నే వారం రోజులు వాయించాక గానీ ఆ దుఃఖం ఎక్కడుందో తెలియలేదు. 16, 17 బార్లలో ఒక్కసారి గొంతెత్తి, వేగం పెంచి, మళ్లీ అణిగిపోతుంది. చాలామంది దీన్ని మరీ ఈడ్చి వాయిస్తారు. బార్‌కు నాలుగు కాకుండా రెండే దెబ్బలు లెక్కపెట్టుకుంటే ఆ ఈడ్పు పోతుంది.

ఆరోదాంట్లో చేతులు తారుమారవుతాయి. పాట ఎడమచేతిది, కింది స్వరాల్లోంచి చెల్లో వాయిద్యంలా పైకి లేచి మళ్లీ వంగుతుంది. కుడిచేయి మెత్తగా కార్డ్స్ మోగిస్తుంది. ఇందులో కేక లేదు, అంతా గొంతు దించి చెప్పే మాటే. పాట పైకి వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి చిన్న తప్పు జరిగినా ముక్క నిలబడుతుంది. కాకపోతే ఎడమచేత్తో పాడించడం అలవాటు లేనివాళ్లకు నెలలు పడుతుంది.

నా సలహా, ముందు నాలుగోదే. ఎడమచేతి కార్డ్స్‌ని మెత్తగా పట్టడం, ఏ వేలు మారుతోందో వినడం అక్కడ వస్తే ఆరోదానికి చెవి సిద్ధమవుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. మీ దగ్గర ఉన్నది మెట్లు (నొక్కే మీటలు) బరువులేకుండా తేలిగ్గా దిగిపోయే చవక కీబోర్డ్ అయితే ఆరోది పట్టండి. నాలుగోదాని ప్రాణమంతా ఆ కార్డ్స్ మెత్తదనంలోనే ఉంది. అలాంటి మెట్ల మీద అవి టకటకలాడతాయి, ఆరోదాంట్లో కనీసం పాట కొంత కాపాడుతుంది.

వినడానికి ఏది మేలంటే మాత్రం నేను ఆరోదాని వైపే. అయినా నాలుగోదాంట్లో చివరిగా వచ్చే ఆ నిశ్శబ్దం ఆరోదాంట్లో లేదు. అంతా ఆగిపోతుంది, చేతులు గాలిలో ఉంటాయి, తర్వాత వినీ వినపడకుండా మూడు కార్డ్స్.